బేగంపేటలో ఒక పాత పంపు తుపాకి

బేగంపేట అనగానే ఈనాటివారికి ఫ్లైఓవరు, పాత విమానాశ్రయం, ఎడతెగని వాహనాల వరుస స్ఫురిస్తాయి. ఆ పేరులోని బేగం ఎవరో తెలిసినవారు తక్కువ. నిజాం కుమార్తె బషీరున్నిసా బేగం పైగా వంశపు ప్రభువైన షంసుల్ ఉమ్రాను వివాహమాడినప్పుడు ఈ ప్రదేశాన్ని అరణంగా ఇచ్చారని చెబుతారు. పైగాలు నిజాం కొలువులో మిగిలిన జాగీర్దారుల వంటివారు కారు. ప్రభువు కోసం సొంత సైన్యాన్ని పోషించడమే వారి జాగీర్లకు మూలకారణం. అంటే ఈ పేట పుట్టుకలోనే ఆయుధాల వాసన ఉన్నది. పైగా ప్రభువైన వికారుల్ ఉమ్రా ఇక్కడ కట్టించిన భవనంలో 2008 నుండి 2023 వరకు అమెరికా కాన్సులేటు ఉండేది. నేను చెప్పబోయే తుపాకి కూడా అమెరికాదే కాని, దానికీ కాన్సులేటుకూ ఏ సంబంధమూ లేదు. అది అంతకు చాలా ముందే, వేరొక దారిన, ఒక ఎడ్లబండిలో గడ్డి క్రింద పడుకుని ఈ నగరానికి వచ్చింది.

ముందుగా కొన్ని మాటల సంగతి. భాషాభిమానులైన మిత్రులు ఈ అవకాశాన్ని వదులుకోనివ్వరు. ‘తుపాకి’ మనది కాదు. తురకీ భాషలో ‘తుఫెక్’ అనే మాట ఉన్నది. మొదట దానికి నోటితో ఊది గోలీని విసిరే గొట్టమని అర్థం. పారసీకంలో ‘తుఫంగ్’ అయి, దక్కనుకు వచ్చి, తెలుగు నోట తుపాకి అయినది. ‘బందూకు’ అరబ్బీ నుండి వచ్చింది. ‘బుందుక్’ అంటే ఒక రకమైన గింజ, దాని పోలికతో చిన్న గోలీ. గింజ పేరు గోలీకి, గోలీ పేరు దానిని విసిరే సాధనానికి ప్రాకినవి. మన తెలంగాణ పల్లెలలో ‘భర్మారు’ అనేవారు. నింపు, కొట్టు అని రెండు హిందీ క్రియల కూడిక అది. మూతి నుండి మందు పోసి, గుడ్డ కూరి, చర్రాలు వేసి, గజంతో దట్టించి కాల్చే తుపాకి. ఒక్కసారి పేల్చిన తరువాత మరల నింపే లోపల అడవిపంది వచ్చి పలకరించి పోగలదు. భర్మారు పట్టినవాడికీ, నేను చెప్పబోయే పంపు తుపాకి పట్టినవాడికీ ఉన్న తేడా అక్కడే ఉన్నది. ఆ తేడా వేటకు మాత్రమే పరిమితమైనది కాదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ఈ తుపాకి నా మిత్రుడొకరిది. సరిగా చెప్పాలంటే వారి తాతగారిది. తాతగారి నుండి తండ్రికి, తండ్రి తదనంతరం వారసునిగా ఆయనకు లైసెన్సు వచ్చింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్న తుపాకులను అప్పగించి రసీదు తీసుకోవాలన్నది తెలిసినదే. 2024 లోక్‌సభ ఎన్నికలకు అప్పగించిన దానిని ఆయన తీరిక దొరకక వానలు వెళ్ళిన తరువాత గాని తెచ్చుకోలేదు. క్యాన్వాసు సంచి విప్పి చూస్తే గొట్టం మీద ఎర్రని పొర, మర మీద చేయి వేస్తే ఇసుక ఒరుసుకుంటున్న ధ్వని. లైసెన్సు పునరుద్ధరణ గడువు దగ్గర పడింది. ఉంచుకోవాలా, తిరిగి ఇచ్చివేయాలా అని ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఏ పక్షం గెలిచినా ముందు తుప్పు వదలాలి కదా. పాత గడియారాలు, కుట్టుమిషన్లు విప్పి బిగించే అలవాటు నాకున్నదని ఎరిగి నన్ను పిలిచారు. లైసెన్సు ఆయనది, తుపాకి ఆయన కన్నుల ముందు నుండి కదలలేదు. నేను మరమేకులు విప్పాను. చట్టానికి భయపడే పాఠకుల కోసం ఈ మాట వ్రాస్తున్నాను.

చూడగానే ఏ తుపాకో తెలిసింది. వెనుక బయటికి పొడుచుకుని ఉన్న ఘోడా, ముందు మొక్కజొన్న కంకిలా గాడులు తీసిన గుండ్రని చెక్క పిడి. విన్‌చెస్టరు కంపెనీవారి 1897 నమూనా. వరుస సంఖ్యను బట్టి ఇది 1920ల నాటిది. దీని రూపకర్త జాన్ మోజెస్ బ్రౌనింగ్, యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌వాసి, తుపాకులు బాగుచేసేవాని కుమారుడు. పిడిని ముందుకు వెనుకకు లాగి కాల్చే తుపాకులను ఆయన కంటె ముందే, 1882లో, క్రిస్టఫర్ స్పెన్సరు విపణిలోకి తెచ్చాడు. కాని ఆ పద్ధతిని ఇంటింటికీ చేర్చినది బ్రౌనింగే. ఆయన 1893లో చేసిన నమూనా నల్లమందుకు తగినది. అప్పుడే పొగలేని మందు వ్యాప్తిలోకి వస్తున్నది. ఆ ఒత్తిడిని పాత కట్టు తట్టుకోలేదని గ్రహించి, దానినే గట్టిపరచి 1897 నమూనాగా తీసుకువచ్చారు. న్యూహేవెన్‌లోని కర్మాగారం 1957 వరకు వీటిని చేస్తూనే ఉన్నది. పది లక్షలకు పైగా తయారయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు వీటి గొట్టాలను కురుచ చేయించి, బాకు తగిలించుకుని కందకాలలోకి దిగారు. 1918 సెప్టెంబరులో జర్మనీ ప్రభుత్వం ఇది అనవసరమైన బాధ కలిగించే ఆయుధమని నిరసన తెలిపి, దీనితో పట్టుబడినవారికి మరణశిక్ష తప్పదని హెచ్చరించింది. విషవాయువును మొదట పెద్ద ఎత్తున వాడినవారు చర్రా తుపాకిని గురించి నీతి చెప్పడం చరిత్రలోని వింతలలో ఒకటి.

హైదరాబాదు రాజ్యంలో పెద్దవారి చేతిలో సాధారణంగా కనిపించినది ఈ జాతి కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా (1866–1911) వేటగాడుగా ప్రసిద్ధుడు. ‘తీస్ మార్ ఖాన్’ అన్న బిరుదును జనం ఆయనకు అంటగట్టారు. రాజా దీన్‌దయాళ్ తీసిన వేట విడుదుల ఛాయాచిత్రాలను చూడండి. వరుసగా గుడారాలు, పడి ఉన్న పెద్దపులి, దాని వెనుక టోపీల దొరలు. ఆ చేతుల్లో రైఫిళ్ళు, జంట గొట్టాల ఆంగ్ల తుపాకులు. దొరల మర్యాద ప్రకారం పిట్టకు రెండు అవకాశాలు చాలు. మూడవది అడగడం అనాగరికం. చకచకా ఆరు గుండ్లు కక్కే అమెరికా పంపు తుపాకిని వారు చిన్నచూపు చూశారు. కాని పల్లెలోని భూస్వామికి ఆ మర్యాదతో పని లేదు. మొత్తం ఆరు తూటాలు, రెండు గొట్టాల కంటె తక్కువ ఖరీదు, ఎత్తున పడేసినా పగలని కట్టు. మిత్రుని ఇంట ఉన్న పాత లైసెన్సు పుస్తకం ఉర్దూలో ఉన్నది. ప్రయోజనం అన్న చోట ‘ప్రాణ, ధన, పంటల రక్షణ’ అని అర్థమిచ్చే మాటలున్నవి. ఎవరి ధనం, ఎవరి నుండి రక్షణ అన్న ప్రశ్న ఆ గడిలో ఇమడదు.

ఇక విప్పడం. ఏ తుపాకినైనా ముట్టుకునే ముందు అది నిండి ఉన్నదనే అనుకోవాలి. ఈ జాతి విషయంలో ఆ నియమం రెండింతలు. దీనికి వేరే సేఫ్టీ మీట లేదు. ఘోడాను సగం వరకు లేపి ఆపడమే రక్షణ. పైగా లబ్లబీ నొక్కి పట్టుకుని పిడిని ముందుకు నెడితే, తలుపు మూసుకున్న క్షణంలోనే పేలుతుంది. మధ్యలో ఆపే అడ్డు బ్రౌనింగ్ పెట్టలేదు. అందుచేత ముందుగా మూతిని ఖాళీ గోడ వైపు త్రిప్పి, మరపెట్టె కుడి ప్రక్కనున్న చిన్న బొత్తాన్ని నొక్కి, పిడిని వెనుకకు లాగాము. గదిలోకి వేలు పెట్టి చూశాము, తూటాల గొట్టంలోకి వేలు పెట్టి చూశాము, మరొకసారి ఆయన చూశారు. ఏమీ లేదు. లాగినప్పుడు తలుపుదిమ్మె మరపెట్టె వెనుక నుండి బయటికి వచ్చి ఘోడాను వంచుతుంది. బొటనవ్రేలు అక్కడ ఉంటే చర్మం ఊడుతుంది. అదే సమయంలో తూటాను ఎత్తే తొట్టె పెట్టె అడుగు నుండి క్రిందికి దిగుతుంది. లోపలి పని అంతా కంటికి కనబడే యంత్రం ఇది. తరువాతి కాలపు తుపాకులలో ఘోడా లోపల దాగినది, అంతా నునుపైనది. ఇందులో మాత్రం మోట బావి గిలకను చూసినట్లు, ఏది దేనిని లాగుతున్నదో పసివాడు కూడా చెప్పగలడు.

గొట్టాన్ని విడదీయడానికి పనిముట్లే అక్కరలేదు. మూతి వైపు, తూటాల గొట్టం చివర అడ్డంగా ఒక చిన్న మేకు ఉన్నది. దానిని ఒక ప్రక్కకు నెట్టి, పిడిగా పట్టుకుని, తూటాల గొట్టాన్ని పావు చుట్టు త్రిప్పి ముందుకు లాగాలి. తరువాత గొట్టాన్ని, చెక్క పిడిని కలిపి పట్టుకుని మరొక పావు చుట్టు. తుపాకి రెండు ముక్కలై చేతిలోకి వస్తుంది. మరచుట్లు పూర్తిగా కాక, మధ్యమధ్య కోసివేసి ఉండడం వలన పావు చుట్టుకే పట్టు విడుతుంది. వేటకు రైలులో పోయేవారి పెట్టెలో పట్టాలని చేసిన ఏర్పాటు. మాది పావు చుట్టుకు విడలేదు. కిరసనాయిలు, కొద్దిగా యంత్రపు నూనె కలిపి కీలు చుట్టూ పోసి ఒక రాత్రి ఉంచాము. ఉదయం చేతి బలానికే కదిలింది.

మరపెట్టెలోని భాగాలకు మాత్రం స్క్రూడ్రైవరు కావాలి. అది బజారులో దొరికే కొసదేరిన రకం కారాదు. ఈ మరమేకుల గాడి సన్నం, అంచులు సమాంతరం. కొసదేరిన అలగు పెడితే జారి, గాడి పెదవి చిట్లుతుంది. పాత తుపాకి ఎవరి చేతులలో పడినదో దాని మరమేకుల తలలు చెబుతాయి. పాతబస్తీలో ఒక వృద్ధ మిస్త్రీగారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే: అలగును గాడికి తగినట్లు ఆకురాయితో అరగదీసుకున్న తరువాతే మేకు మీద చేయి వేయాలి. మొత్తం మీద అన్నిటి కంటె ముఖ్యమైన భాగం ఆ తొట్టె. ఇరుసు మేకును తట్టి తీస్తే అడుగు నుండి ఊడి వస్తుంది. ఘోడా, దాని కమాను, రెండూ ఆ తొట్టెలోనే కూర్చుని ఉంటాయి. తూటాను ఎత్తే చెయ్యే తూటాను పేల్చే చెయ్యి కూడా. ఇంత చిన్న చోట ఇన్ని పనులు ఇమిడ్చిన బుద్ధిని చూసి కొంతసేపు చేతులు తుడుచుకోవడం మరచిపోయాను.

ఒక తెల్లని దుప్పటి పరచి, తీసిన వరుసలో భాగాలను ఎడమ నుండి కుడికి పేర్చాము. మేకుల తలల మీదంతా ఎర్రని బూజు. అక్కడ ఆగి మిత్రునికి నేను రోనాల్డ్ రాస్ కథ చెప్పాను. ఆ ఇంటి నుండి రాస్ పనిచేసిన భవనం ఎంతో దూరం లేదు. ఈ నమూనా తుపాకి న్యూహేవెన్‌లో మొదటిసారి బయటికి వచ్చిన 1897వ సంవత్సరంలోనే, బేగంపేట సైనిక ఆసుపత్రిలో ఆ సైనిక వైద్యుడు సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి కూర్చున్నాడు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా లాగనివ్వలేదు. నుదుటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒకే ఒక కంటి కటకం పగిలి ఉన్నది. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమలకు ఒక్కొక్కదానికి ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. ఆగస్టు 20న ఆ దోమలలో ఒకదాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి ఆనవాళ్ళు కనిపించాయి. 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. తుప్పును గురించి మాట్లాడేటప్పుడు బేగంపేటలో ఈ కథను దాటిపోవడం కుదరదు. దక్కను వానాకాలపు గాలి, మనిషి చెమటలోని ఉప్పు, ఈ రెండూ కలిస్తే ఉక్కుకు అంతకంటె పగవారు లేరు. వేలిముద్ర పడిన చోటనే తుప్పు వేలిముద్ర ఆకారంలో వస్తుంది.

గొట్టం లోపలి తుప్పుకు వేరే కారణం కూడా ఉన్నది. పాతకాలపు తూటాల టోపీలలో క్లోరేటు లవణం వాడేవారు. పేలిన తరువాత అది మన కూర ఉప్పుకు దాయాది అయిన మరొక ఉప్పుగా మారి గొట్టంలో పేరుకుంటుంది. గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తింటుంది. నూనె రాస్తే ఉప్పు కరగదు. నూనె క్రింద హాయిగా తన పని తాను చేసుకుంటుంది. ఉప్పును కరిగించేది నీరే. అందుకే పాత షికారీలు వేట నుండి రాగానే గొట్టంలో సలసల కాగే నీరు పోసేవారు. వేడికి ఉక్కు తనంతట తానే ఆరిపోతుంది, ఆ తరువాతనే నూనె. మేమూ అదే చేశాము. గొట్టాన్ని తూటా పెట్టే వైపు నుండి తుడవాలి, మూతి వైపు నుండి కాదు. గజం ఒరుసుకుని మూతి అరిగితే చర్రాల పోకడ చెడుతుంది. పన్నెండు బోరుకు తగిన ఇత్తడి కుంచె, తరువాత పాత నూలు పంచె ముక్కలు. మొదటి ముక్క బొగ్గులా, నాలుగవది ఇటుకలా, పదవది మజ్జిగలా వచ్చింది. పన్నెండు బోరు అన్న లెక్క ఎక్కడిదని మిత్రుడు అడిగారు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గోళాలు చేస్తే, ఆ గోళం సరిగా పట్టే గొట్టమని. సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అందువలననే సంఖ్య పెరిగిన కొద్దీ గొట్టం సన్నబడుతుంది.

పైపూతకు మాత్రం గరుకు కాగితం తగిలించలేదు. ఆ నీలపు నలుపు కూడా ఒక విధమైన తుప్పే. పెంచి, ఆపి, మెరుగుపెట్టిన తుప్పు. ఎర్రని తుప్పును నూనెలో తడిపిన అతి సన్నని ఉక్కునారతో, వెన్న తీసినంత మెత్తగా తీసివేయాలి, నలుపును ముట్టుకోకూడదు. వాల్‌నట్ చెక్క కుందాకు వేడి చేసిన అవిసె నూనె, అరచేతితోనే. కొబ్బరినూనె రాసేవారున్నారు, చలికాలంలో గడ్డకట్టి లోపలి మరలను పట్టివేస్తుంది. ఇక తోలు సంచిలో దాచేవారికి ఒక దండం. తోలు పదునుపెట్టిన ఆమ్లం, తోలు పీల్చిన తేమ కలిసి ఏడాదిలో గొట్టాన్ని తినివేస్తాయి.

గొట్టం శుభ్రపడిన తరువాత ఒక సంగతి కనిపించింది. ఎడమ ప్రక్కన మాత్రమే, పిడి నుండి మూతి వరకు, చిన్నచిన్న గుంటలు. పైనా లేవు, కుడి ప్రక్కనా లేవు. నిన్న మొన్నటి వానల తుప్పు కాదు అది. చాలా లోతైనది, చాలా పాతది. ఒక ప్రక్కకు పడుకోబెట్టి, తేమ ఉన్న దేనిలోనో ఏళ్ళ తరబడి ఉంచితే తప్ప అలా రాదు. మిత్రునికి తెలియదు. లోపలి గదిలో ఉన్న వారి మేనత్తగారిని అడిగాము. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. నల్లగొండ జిల్లాలోని స్వగ్రామాన్ని చిన్నతనంలో విడిచి వచ్చినా పలుకు మారలేదు.

“గుమ్మిల ఊక వోసి అండ్ల వెట్టిండ్రు బిడ్డా. రెండు వానకాలాలు గండ్లనే ఉండె,” అన్నారు. “మా నాయినకు దానిమీద పావురమేం లేదు, భయం. ఉన్నదని తెలుస్తె దళమోళ్ళు దీస్కపోతరు. అటెన్క మిల్ట్రీ అచ్చింది. ఎవలికిచ్చినవు అని వీళ్ళు గుంజుకపోతరు.”

ఆ రెండు వాక్యాల వెనుక ఉన్న చరిత్ర బ్లాగ్మిత్రులకు తెలియనిది కాదు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. వడిసెల, గుతప, కారం పొడి పట్టిన రైతుల ఎదుట గడీ గోడ మీద ఉన్నది తుపాకి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. దళాలకు ఆయుధాలు ఎక్కడివి? మొదట భర్మార్లు, తరువాత దొరల ఇళ్ళ నుండి, రజాకార్ల నుండి, పోలీసుల నుండి గుంజుకున్నవి. ఊరిలో లైసెన్సు తుపాకి ఎవరి ఇంట ఉన్నదో అందరికీ తెలుసు కనుక ఆ ఇంటికి రాత్రి తలుపు తట్టేవారు రావడం ఖాయం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి ప్రవేశించి, 18న లొంగుబాటు జరిగింది. ఆ తరువాత అదే సైన్యం దళాల కోసం పల్లెలు గాలించింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటించే వరకు ఇదే స్థితి. అనేక భూస్వామ్య కుటుంబాలు అప్పుడే నగరానికి చేరాయి. ఎడ్లబండి, గడ్డి, దాని క్రింద తుపాకి. మిత్రుని తాతగారి ప్రయాణం ఆ వలసలో ఒకటి.

ఆయన ఆ తుపాకిని మనిషి మీదకు ఎత్తారా? మేనత్తగారు చెప్పినది అడవిపందుల సంగతి, వేరుశనగ చేల సంగతి మాత్రమే. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇంట్లో ఎంత చెబుతారో అంతే తెలుస్తుంది. నేను రెట్టించలేదు. కాని ఒకటి మాత్రం అనిపించింది. తుపాకి పేలనక్కరలేదు. భర్మారు మాత్రమే ఉన్న ఊరిలో, ఆరు తూటాల అమెరికా తుపాకిని దసరానాడు వరండాలో పెట్టి పూజ చేస్తే చాలు. వెట్టికి పిలిచినప్పుడు ఎవరూ కాదనరు. కుటుంబ జ్ఞాపకంలో అది పందుల తుపాకి, ఊరి జ్ఞాపకంలో మరేదైనా అయి ఉండవచ్చు. రెండవ జ్ఞాపకాన్ని అడగడానికి మాకు ఆ బేగంపేట ఇంటి లోపల ఎవరూ లేరు.

మధ్యలో మరొక చర్చ జరిగింది. మా ఇద్దరినీ చూడవచ్చిన ఒక ఉత్సాహవంతుడైన యువకుడు, పాత తుపాకుల ‘డమాస్కసు’ గొట్టాలు మన తెలంగాణ ఉక్కుతోనే చేశారని వాదించాడు. ఈ మాట ఈమధ్య తరచుగా వినబడుతున్నది కనుక రెండు ముక్కలు వ్రాస్తాను. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో ఉక్కు తీసిన మాట నిజం. పారసీక వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవారు. 1820ల ప్రాంతంలో హెన్రీ వెస్లీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త ఆ పద్ధతిని కళ్ళారా చూసి వర్ణించాడు. ఆ ఉక్కు కత్తుల మీద నీటి అలల వంటి జౌహరు కనబడేది. కాని ఐరోపాలో తుపాకి గొట్టాల మీద కనబడే అలలు వేరు. ఇనుప, ఉక్కు కమ్మీలను కలిపి మెలిపెట్టి, కొయ్య చుట్టూ తాడు చుట్టినట్లు కడ్డీ చుట్టూ చుట్టి, అతుకులు కొట్టినవి అవి. ఒకటి కరగి గడ్డకట్టినప్పుడు లోపలే పుట్టిన అల, రెండవది సుత్తితో అల్లిన అల. పేరొక్కటే. కోనసముద్రం కమ్మరులకు ఉన్న కీర్తి చాలు, లేనిది తగిలించనక్కరలేదు. మా తుపాకి గొట్టం రెండూ కాదు, మామూలు సాగగొట్టిన ఉక్కు.

బిగించడం విప్పడం కంటె ఎప్పుడూ ఎక్కువ కాలమే తీసుకుంటుంది. దుప్పటి మీది వరుసను కుడి నుండి ఎడమకు చదువుతూ పోవాలి. కమాను తొట్టెలోకి ఎక్కడానికి మొరాయించింది. మిత్రుడు చెక్క దిమ్మెతో అదిమి పట్టగా నేను మేకు తోశాను. ప్రతి మేకుకు ఒక్క చుక్క నూనె, అంతకంటె వద్దు. ఎక్కువైతే దుమ్మును పిలుస్తుంది. గొట్టాన్ని పావు చుట్టు త్రిప్పి బిగించినప్పుడు కొంచెం వదులుగా అనిపించింది. నూరేళ్ళ రాపిడికి కోసిన మరచుట్లు అరుగుతాయని తయారుచేసినవారికి ముందే తెలుసు. గొట్టం మొదట ఒక సవరింపు కడియం పెట్టారు. దానిని ఒక గాటు త్రిప్పితే అరిగినంతా సరిపోతుంది. మేము త్రిప్పే ముందు చూస్తే అది ఎవరో ఇదివరకే ఒకసారి త్రిప్పి ఉన్నది. అంటే పందులో, పిట్టలో, మరేవో, ఈ తుపాకి బాగానే పని చేసిందన్నమాట. పిడిని లాగి నెట్టితే ఇసుక ధ్వని పోయింది. రెండు శబ్దాలు మాత్రమే, వెనుకకొకటి, ముందుకొకటి.

ఇక ఉంచుకోవడమా, ఇచ్చివేయడమా అన్న వాదన. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట పోయింది. 1980ల మధ్య నుండి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్య లైసెన్సుదారులకు ఆగిపోయింది. అందుచేత పాతవాటికి, వాటి యోగ్యతకు మించిన వెల వచ్చింది. 1959 ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక వ్యక్తికి మూడుకు బదులు రెండు తుపాకులు మాత్రమే. మిత్రుని కుమార్తె ఇచ్చివేయమంటున్నది. ఇంట్లో పసివారున్నారు, వాడకం లేదు, ప్రతి ఎన్నికకూ ఈ తిరుగుడెందుకు అని ఆమె వాదం. మేనత్తగారు ఆశ్చర్యంగా ఆమె పక్షమే. “గుమ్మిలనే ఉండనిస్తె అయిపోతుండె” అన్నారు. మిత్రుడు మాత్రం తండ్రి చేతి ముద్ర ఆ కుందా మీద ఉన్నదంటారు. నా అభిప్రాయం అడిగారు. తుపాకిని తిరిగి అప్పగించి, లైసెన్సు పుస్తకాన్ని మాత్రం నకలు తీసి, ఆ గుంటల గొట్టం ఛాయాచిత్రంతో, మేనత్తగారి మాటలతో కలిపి దాచమన్నాను. ఆ గుంటల చరిత్ర ఇనుములో కంటె ఆమె నోట ఎక్కువగా ఉన్నది, ఆమెను అడగవలసిన ప్రశ్నలు ఇంకా చాలా మిగిలాయి. మిత్రుడు ఇంకా నిర్ణయించలేదు. గడువుకు రెండు నెలలున్నవి.

ఇది వ్రాస్తుండగా నన్ను పీడించినది మాటల కొరత. ఘోడా, లబ్లబీ, కుందా, నాలి, గజం, కారతూసు అన్నీ పాతబస్తీ మిస్త్రీగారి మాటలు, ఉర్దూవి. పైన నేను వాడిన తలుపుదిమ్మె, తొట్టె, మరపెట్టె నేను అప్పటికప్పుడు కూర్చుకున్నవి. ఏ పల్లెలోనూ ఎవరూ అనరు. తెలంగాణ కమ్మరులు దళాల భర్మార్లను బాగుచేసినప్పుడు ఈ భాగాలను ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటారు. రాయలసీమలో, కోస్తా అడవి అంచు ఊళ్ళలో పంటకాపలా తుపాకులున్న ఇళ్ళలో కూడా వేరే మాటలు ఉండి ఉంటాయి. మీ తాతగారో, ఊరి కమ్మరో ఘోడాను, లబ్లబీని, తూటాను ఎత్తే ఆ భాగాన్ని ఏమనేవారో తెలిసిన మిత్రులు, ఊరి పేరుతో సహా వ్యాఖ్యలో వ్రాయగోరుతాను. ముఖ్యంగా ఆ చివరిదానికి.